ఎండ అందరిదీ, నీడ కొందరిదే

ప్రకృతి వైపరీత్యానికి స్త్రీపురుష భేదం లేదన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. ఉప్పెన మనిషిని ఎంచుకొని ముంచదు. వడగాడ్పు ముఖం చూసి వీచదు. కానీ విపత్తు వెళ్ళిపోయాక ఎవరు బతికారు, ఎవరు మరణించారు, ఎవరికి పరిహారం అందింది, ఎవరి పేరు ఏ జాబితాలోకీ ఎక్కలేదు అన్న లెక్కలు తీస్తే భేదాలన్నీ బయటపడతాయి. ప్రకృతి చేసే నష్టం ఒకటి. ఆ నష్టాన్ని సమాజం పంచే తీరు మరొకటి. నష్టం పంపకంలో పేద స్త్రీకి దక్కే వాటా పెద్దది. సహాయం పంపకంలో ఆమె వాటా చిన్నది. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిని ఈ దృష్టితో పరిశీలిస్తే, వాతావరణ మార్పులపై అంతర్జాతీయ వేదికలలో వినిపించే పెద్ద మాటలకు నేల మీద అర్థమేమిటో బోధపడుతుంది.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకొంది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశంలోని రైలు మార్గాలకు పట్టాలు అందించిన ఈ కర్మాగారాన్ని నిలబెట్టిన చేతులలో తెలుగు చేతులు కూడా ఎన్నో ఉన్నాయి. కూలి కోసం, కొలువు కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్ళిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. అందువల్ల భిలాయి ఎండలో ఏం జరుగుతున్నదన్నది మనకు పరాయి సంగతి కాదు.

ఆ నగరంలో శ్రమకు రెండు అంతస్తులున్నాయి. కర్మాగారంలో శాశ్వత ఉద్యోగం ఉన్నవారికి చెట్ల నీడలో సెక్టారు క్వార్టర్లు, కుళాయి నీళ్ళు, సెక్టారు 9లో పెద్దాసుపత్రి, భవిష్యనిధి ఉన్నాయి. ఆ ప్రహరీకి వెలుపల బస్తీలలో కాంట్రాక్టు కూలీలు, రోజుకూలీలు ఉన్నారు. శాశ్వత ఉద్యోగుల సంఖ్య తగ్గుతూ, కాంట్రాక్టు కూలీల సంఖ్య పెరుగుతూ వచ్చిన కొద్దీ ఈ అంతరం ముదిరింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ ఏళ్ళ తరబడి భిలాయిలో పరిశోధన జరిపి 2020లో వెలువరించిన గ్రంథంలో ఈ రెండు వర్గాల జీవితాలను విపులంగా వివరించారు. ఆయన గమనించిన ఒక విషయం ప్రస్తుత చర్చకు కీలకమైనది. శాశ్వత ఉద్యోగం దొరికిన కుటుంబాలలో స్త్రీలు బయటి కూలిపని మానుకున్నారు. ఉద్యోగం లేని కుటుంబాల స్త్రీలు భవన నిర్మాణపు పనులలో ‘రేజా’లుగా మిగిలారు. ఆ ప్రాంతంలో నిర్మాణ కూలి స్త్రీని పిలిచే పేరు అదే.

రేజా పని ఇటుకలు, ఇసుక, కంకర, సిమెంటు మాలు తలకెత్తుకొని మోయడం. కూలిగా చేరిన మగవాడు కొన్నేళ్ళకు తాపీమేస్త్రి కావచ్చు. స్త్రీ చేతికి తాపీ అందడం అరుదు. ఆమె చేరిన నాడు మోసిన తట్టనే ముప్పై ఏళ్ళ తరువాతా మోస్తుంది. ఎండకు ఈ తేడాతో సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం సూటిగానే ఉంది. పైకప్పు పడిన గదిలో గోడకు పూత పూసేవానికి కాస్త నీడ దొరుకుతుంది. కింద ఇసుక కుప్పకూ పైన శ్లాబుకూ మధ్య తిరిగే మనిషికి అది కూడా దొరకదు. మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే, లేదా 45 డిగ్రీలను తాకితే వాతావరణ శాఖ వడగాడ్పుగా పరిగణిస్తుంది. ఆ కొలత తీసే పరికరం గాలి ఆడే తెల్లని పెట్టెలో, నీడలో ఉంటుంది. రేజా నీడలో లేదు. ఆమె నెత్తిన బరువుంది, కాళ్ళకింద కాలిన కాంక్రీటు ఉంది. అధికారికంగా వడగాడ్పు లేని రోజున కూడా ఆమెకు వడగాడ్పే.

ఆ పైన మరికొన్ని భారాలున్నాయి. పనిచోట మరుగుదొడ్డి లేదు కనుక పగలంతా నీళ్ళు తాగకుండా ఓర్చుకొనే స్త్రీలు దేశంలో ప్రతి నిర్మాణ స్థలంలోనూ కనిపిస్తారు. మూత్రకోశ వ్యాధులు ఈ ఓర్పుకు మూల్యం. వడదెబ్బకు వైద్యుడు చెప్పే మొదటి మందు మంచినీరే అయినప్పుడు, నీరు తాగడానికే జంకవలసిన పరిస్థితి ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ వయసున్న స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. అదే వయసు పురుషులలో ఇది 25 శాతం. రక్తం తక్కువైన శరీరం ఎండలో బరువు మోస్తే త్వరగా సొమ్మసిల్లుతుంది. గర్భిణులలో అధిక ఉష్ణోగ్రతకూ, నెలలు నిండని కాన్పులకూ సంబంధం ఉన్నదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. పని ముగిసి ఇల్లు చేరినా విశ్రాంతి లేదు. 2024 జాతీయ కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుండగా, పురుషులు 88 నిమిషాలే వెచ్చిస్తున్నట్లు తేలింది. రేకుల కప్పు కింద పొయ్యి ముందు గడిచే ఆ గంటలు ఏ వడగాడ్పు నివేదికలోనూ కనిపించవు.

ఇక మరణాల లెక్క. వడదెబ్బ మృతులంటూ మన దేశంలో పోలీసు రికార్డుల ఆధారంగా ప్రకటించే సంఖ్యలలో ఏటా పురుషులే అత్యధికులు. దీన్ని చూసి ఎండ ముప్పు మగవారికే ఎక్కువని భావించడం పొరపాటు కాగలదు. రోడ్డు మీద కుప్పకూలిన మనిషి పోలీసు రికార్డుకు ఎక్కుతాడు. ఇంట్లో పొయ్యి దగ్గర సొమ్మసిల్లి, రాత్రి జ్వరం వచ్చి, మర్నాడు కన్నుమూసిన స్త్రీ మరణం గుండెపోటుగానో, జ్వరంగానో నమోదవుతుంది. ఒక్కొక్కప్పుడు ఏ కారణమూ నమోదు కాదు. ఐరోపా దేశాలు అందుకు భిన్నంగా మొత్తం మరణాలను, ఉష్ణోగ్రతలను సరిపోల్చి అంచనా కడతాయి. 2022 వేసవిలో అక్కడ 61,672 మంది ఎండ కారణంగా మరణించారని, స్త్రీలలో ఈ మరణాలు పురుషులకన్నా 56 శాతం అధికమని 2023లో వెలువడిన పరిశోధన తేల్చింది. అక్కడ వృద్ధ స్త్రీల సంఖ్య అధికంగా ఉండడం ఇందుకు కొంత కారణమే. అయినా లెక్కించే పద్ధతి మారితే కనిపించే దృశ్యం ఎంతగా మారుతుందో దీనివల్ల తెలుస్తుంది. 2015 వేసవిలో ఉభయ తెలుగు రాష్ట్రాలలో రెండు వేల మందికి పైగా వడగాడ్పులకు బలయ్యారని ప్రభుత్వాలే ప్రకటించాయి. లెక్కకు రాని వారెందరో ఎవరూ అడగలేదు.

మన సహాయ వ్యవస్థ మనిషి వెంట నడవదు, కాగితం వెంట నడుస్తుంది. ఉద్యోగపు రిజిస్టరులో పేరుందా, భూమి పట్టాలో పేరుందా, పోలీసు పంచనామాలో పేరుందా అని చూస్తుంది. సమస్య మూలం అక్కడే ఉంది. భిలాయి కర్మాగారంలో 2014 జూన్ 12న విషవాయువు లీకై ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను వద్ద సంభవించిన ప్రమాదం పదిమందికి పైగా బలిగొంది. ఆ ఘోరాలు దేశాన్ని కలచివేశాయి, విచారణలు జరిగాయి. ఆ కుటుంబాలకు దక్కినది వారి నష్టంతో పోలిస్తే స్వల్పమే కావచ్చు. కానీ ఏ గంటకు, ఏ యంత్రం వద్ద, ఎవరు మరణించారో చెప్పే రికార్డు ఉంది. ప్రహరీకి వెలుపల ఎండకు ఒరిగిపోయిన రేజాకు మస్టరులో సంతకం లేదు, గుత్తేదారుకు ఆమె ఇంటిపేరు తెలియదు. ఆమె మరణం ప్రమాదం కిందకూ రాదు, విపత్తు కిందకూ రాదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం సహాయంలో స్త్రీపురుష వివక్ష కూడదని 61వ సెక్షనులో స్పష్టంగానే చెప్పింది. కనీస సహాయ ప్రమాణాలను నిర్దేశించే 12వ సెక్షనులో వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని కూడా పేర్కొంది. ఆ సదుద్దేశాన్ని ప్రశ్నించనవసరం లేదు. కానీ ఆ ప్రమాణాలలో స్త్రీ ప్రత్యేకంగా కనిపించేది భర్త పోయిన తరువాతనే. ఎండలో కూలి పోగొట్టుకొన్న శ్రామికురాలిగా, పంట పోగొట్టుకొన్న రైతుగా ఆమె అక్కడ కనిపించదు. మగదిక్కు కోల్పోయినదానికి జాలి చూపే చట్టం, తన రెక్కల కష్టం కోల్పోయినదానికి హక్కు చూపడం లేదు.

భిలాయి చుట్టుపక్కల గ్రామాలలో కరవు వచ్చినప్పుడు కూడా ఇదే కథ. బాలోద్ జిల్లాలోని తాండుల జలాశయాన్ని బ్రిటిషు పాలనాకాలంలో సాగునీటి కోసం నిర్మించారు. ఉక్కు కర్మాగారం వచ్చాక ఆ నీటిలో ఉక్కుకూ వాటా ఏర్పడింది. దుర్గ్ పక్కనే పారే శివనాథ్ నదిలో సుమారు 23 కిలోమీటర్ల భాగాన్ని పరిశ్రమలకు నీరందించే పేరిట 1998లో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. స్నానాలపై, చేపల వేటపై, నీటి వాడకంపై వచ్చిన ఆంక్షలు దేశవ్యాప్త చర్చకు, ప్రజాందోళనకు దారితీశాయి. నీటి పంపకంలో ఎవరు గెలిచినా, ఇంట్లో బిందె నింపవలసిన బాధ్యత మాత్రం స్త్రీది. బావి ఎండితే ఆమె మరో మైలు నడుస్తుంది. ఆ నడకకు కూలి లేదు, ఆ నడకలో పోయిన రోజుకూలికి పరిహారం లేదు.

పంట పోయినప్పుడు ఇన్‌పుట్ సబ్సిడీ పట్టాదారుకు అందుతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో స్త్రీల పేరిట ఉన్నవి 14 శాతానికి లోపే. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం గ్రామీణ శ్రామిక స్త్రీలలో నలుగురిలో ముగ్గురికి పైగా సేద్యంలోనే ఉన్నారు. నాట్లు వేసేది, కలుపు తీసేది, కోత కోసేది ఆమె. నష్టం నమోదయ్యేది పట్టా ఉన్న మగవాని పేరిట. మగవాడు వలసపోయి, పొలం భారమంతా స్త్రీ నెత్తిన పడిన ఇళ్ళలో ఈ అన్యాయం మరింత కొట్టవచ్చినట్లు కనబడుతుంది. కరవులో ఊరు విడిచి నగరం దారి పట్టిన కుటుంబంలోని స్త్రీ చివరకు చేరేది నిర్మాణ కూలీల అడ్డాకే. పొలంలో ఆమెను లెక్కించని వ్యవస్థ నగరంలోనూ లెక్కించదు.

ఈ అనుభవం భిలాయికే పరిమితం కాదు. 1991లో బంగ్లాదేశ్‌ను తాకిన తుపాను సుమారు 1,40,000 మందిని బలిగొంది. 20 నుంచి 44 ఏళ్ళ వయసువారిలో ప్రతి వెయ్యి మంది స్త్రీలకు 71 మంది మరణిస్తే, పురుషులలో మరణించినవారు 15 మందే. హెచ్చరిక వీధిలోని మగవారికి అందింది, ఇంట్లోని ఆడవారికి చేరలేదు. పిల్లలను వదలలేక, ఇంటి పెద్ద రానిదే గడప దాటలేక వేలాది మంది జలసమాధి అయ్యారు. 2004 సునామీలో తమిళనాడులోని కడలూరు జిల్లాలో మరణించిన స్త్రీలు 391 మంది, పురుషులు 146 మంది అని ఆక్స్‌ఫామ్ సంస్థ వెల్లడించింది. 141 దేశాల సమాచారాన్ని పరిశీలించి 2007లో ఎరిక్ న్యూమేయర్, థామస్ ప్లూంపర్ వెలువరించిన అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. విపత్తులు స్త్రీల ఆయుర్దాయాన్నే ఎక్కువగా తగ్గిస్తున్నాయని, స్త్రీల సామాజిక, ఆర్థిక స్థాయి మెరుగైన చోట ఆ అంతరం తగ్గిపోతున్నదని వారు తేల్చారు. కనుక దీన్ని శరీర బలహీనతకు ముడిపెట్టి చేతులు దులుపుకోవడానికి వీలులేదు. బంగ్లాదేశ్ కూడా తుపాను ఆశ్రయాలు పెంచి, హెచ్చరికలు చేరవేసే స్వచ్ఛంద సేవకులలో స్త్రీలను పెద్దసంఖ్యలో చేర్చుకొన్న తరువాత మొత్తం మరణాలూ తగ్గాయి, స్త్రీపురుషుల మధ్య వ్యత్యాసమూ తగ్గింది. మనుషులు కల్పించిన తేడాను మనుషులే సవరించగలరనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

పురుషులు మాత్రం చనిపోవడం లేదా అన్న ప్రశ్న సహజం. చనిపోతున్నారు. కొలిమి ముందు నిలిచేది, సముద్రంలో చిక్కుకొనేది, అప్పుల భారంతో ఉరి పోసుకొనేది ఎక్కువగా మగవారే. మగవాడు వెనుకంజ వేయరాదన్న సంప్రదాయం కూడా ప్రాణాలు తీస్తున్నది. స్త్రీపురుష భేదం విపత్తును ఎలా మలుస్తున్నదో పరిశీలించడమంటే ఒకరి కన్నీరును మరొకరి కన్నీటితో తూచడం కాదు. ఎవరు ఎక్కడ, ఏ పనిలో ఉండగా ముప్పు తాకుతున్నదో తెలుసుకొని అక్కడికి రక్షణ చేర్చడం. అందరికీ ఒకే కొలత కుట్టించిన చొక్కా ఎవరికీ సరిపోదు.

భిలాయికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరా గనుల చరిత్ర ఈ సందర్భంలో గుర్తుకు తెచ్చుకోదగినది. 1977లో అక్కడి కాంట్రాక్టు గని కార్మికులు శంకర్ గుహ నియోగి నాయకత్వాన సంఘటితమైనప్పుడు స్త్రీలు ముందు వరుసలో నిలిచారు. ఆ ఏడాది జూన్‌లో జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణాలర్పించిన వారిలో అనసూయాబాయి అనే కార్మికురాలు కూడా ఉన్నారు. ఆ అమరుల స్మృతిలో కార్మికులే 1983లో షహీద్ ఆసుపత్రిని నెలకొల్పారు. రిజిస్టరులో పేరు లేని కాంట్రాక్టు కూలీలు సంఘంలో పేరు రాయించుకొన్నాక యాజమాన్యమూ, ప్రభుత్వమూ వారిని లెక్కించక తప్పింది కాదు. నిర్మాణ కూలి స్త్రీలకూ ఆ దారి తెరచి ఉండాలి.

చేయవలసిన పనులు అసాధ్యమైనవేమీ కావు. మొదటిది లెక్క. ప్రతి విపత్తులోనూ మరణాలను, కూలి నష్టాన్ని స్త్రీపురుషుల వారీగా, వృత్తి వారీగా, మరణించిన చోటు వారీగా నమోదు చేయాలి. 2015 నాటి సెండాయ్ ఒప్పందంలో మన దేశం అంగీకరించినదే ఇది. 2010 మే నెల వడగాడ్పులలో అహమ్మదాబాదులో 1,344 మంది అదనంగా మరణించినట్లు మొత్తం మరణాల లెక్క ద్వారా తేలిన తరువాతనే, 2013లో ఆ నగరం దేశంలో తొలి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికను రూపొందించుకొంది. వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తూ 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తీసుకొన్న నిర్ణయం స్వాగతించదగినది. కానీ ఇంట్లో ఒరిగిపోయిన స్త్రీ మరణాన్ని వడదెబ్బ మరణంగా ధ్రువీకరించే ఏర్పాటు లేకపోతే ఆ ఉత్తర్వు సగం మందికి చేరదు.

రెండవది ఎండ వేళ కూలి. పనివేళలు మార్చుకోండి, మధ్యాహ్నం బయటకు రావద్దు అన్న ప్రకటనలు నెలజీతం ఉన్నవారికి సలహాలు; రోజుకూలికి అవి పస్తుతో సమానం. వాయుకాలుష్యం వల్ల ఢిల్లీలో నిర్మాణాలు ఆపివేసినప్పుడు, సెస్సు ద్వారా సమకూరిన సంక్షేమ నిధి నుంచి కార్మికులకు భృతి చెల్లించాలని 2021 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పొగకు వర్తించిన న్యాయం ఎండకు ఎందుకు వర్తించరాదు? నిర్మాణ వ్యయంపై వసూలయ్యే 1 శాతం సెస్సు వేల కోట్ల రూపాయలు ఖర్చు కాకుండా మిగిలిన విషయం న్యాయస్థానాల దృష్టికి పలుమార్లు వచ్చింది. ఆ నిధికి అర్హత పొందాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్లు రుజువు చూపాలి. రోజుకొక చోట తట్ట మోసే స్త్రీకి ఆ రుజువు రాసిచ్చేదెవరు? అడ్డాల వద్దనే నమోదు జరిపే ఏర్పాటు ఉండాలి. స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ 2024లో గుజరాత్ తదితర రాష్ట్రాలలో సుమారు 50,000 మంది సభ్యులకు ఎండ బీమా కల్పించి, ఉష్ణోగ్రత నిర్ణీత స్థాయి దాటగానే వారి ఖాతాలలో సొమ్ము జమయ్యేలా చూసింది. అందిన మొత్తం చిన్నదే. అయినా పంచనామా అడగకుండా, భర్త పేరు అడగకుండా అందింది.

మూడవది నిర్ణయాధికారం. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థలో సభ్యులు హోదా రీత్యా వచ్చేవారు. ఆ పదవులలో స్త్రీలుంటే ఉంటారు, లేకుంటే లేరు. 2025లో సవరించిన చట్టం నగరపాలక సంస్థలున్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేసుకొనే వీలు కల్పించింది. భిలాయికి, విశాఖపట్నానికి, వరంగల్లుకు ఇది మంచి అవకాశం. ఆ సంస్థలలో బస్తీ స్త్రీలకు, నిర్మాణ కార్మికురాండ్రకు స్థానం కల్పిస్తే పనిచోట మరుగుదొడ్డి, తాగునీరు, నీడ అన్న మూడు మాటలు తొలి సమావేశంలోనే చర్చకు వస్తాయి. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలలో ఇమిడి ఉన్నదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హక్కు ఉన్నదని తేలాక అది ఎవరి గడప వద్ద ఆగిపోతున్నదో చూడవలసిన బాధ్యత పాలకులదే.

2030 నాటికి ఎండల వల్ల మన దేశం 5.8 శాతం పనిగంటలు కోల్పోతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లోనే హెచ్చరించింది. రానున్న వేసవులు గడచిన వేసవులకన్నా తీవ్రంగా ఉంటాయనడంలో సందేహం లేదు. ఎండను ఏ ప్రభుత్వమూ ఆపలేదు. నీడను మాత్రం సమంగా పంచగలదు. ఉక్కు నగరంలో ప్రతి గోడ కిందా, ప్రతి శ్లాబు కిందా రేజా మోసిన తట్టలున్నాయి. ఆమె పేరు రాసుకొనే ఒక రిజిస్టరు తెరవడానికి మరో విపత్తు దాకా ఆగవలసిన పని లేదు.